స్వామి రామానంద తీర్థ: నిజాము బొక్కసమునకు ఎదురు నిలిచిన సన్న్యాసి

విజయనగర ప్రాంతమునకు నిజాము అను పేరు క్రొత్తది కాదు. శ్రీకాకుళము సర్కారు ఒకప్పుడు గోలకొండ నవాబులకును, ఆ తరువాత హైదరాబాదు నిజాములకును లోబడియుండెను. 1753వ సంవత్సరమున సలాబత్ జంగు ఈ సర్కారును, దీనితోబాటు రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరము సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీ చేతిలో పెట్టెను. అది ఇనాము కాదు. బుస్సీ క్రిందనున్న సైనికుల జీతములకై చేసిన ఏర్పాటు. నాగావళీ, చంపావతీ తీరములందు దున్నిన రైతు కట్టిన శిస్తు, ఆ రైతు ముఖము నెన్నడును చూడని సిపాయిల చేతికి జీతముగా వెళ్ళెను. 1757 జనవరిలో బొబ్బిలి కోట అగ్నికి ఆహుతి యగుటకు గల కారణములలో, బుస్సీ ఆ శిస్తు బాకీలను రాబట్టుకొనుటకై సేనతో ఇటు వచ్చుట యొకటి. సైన్యము ఎవని సొమ్ముతో బ్రతుకుచున్నదో వాని మీదికే వచ్చిపడుట చరిత్రలో తరుచుగా కనబడు వింత.

1766 నాటి సంధితో సర్కారు జిల్లాలు ఈస్టిండియా కంపెనీ వశమైనవి. మిగిలిన లోపలి నేల, అనగా తెలంగాణము, మరాఠ్వాడా, కొన్ని కన్నడ జిల్లాలు, నిజాము క్రిందనే నిలిచి, మరి నూట ఎనుబది యేండ్లు వేరు రాజ్యముగా సాగెను. ఆ రాజ్యమున ప్రజల సొమ్ముతోనే ప్రజలను అణచు పద్ధతి ముదిరి పాకమున పడిన కాలములో, ఆ సొమ్ము పారు కాలువలకే అడ్డుకట్ట వేయవలెనని పిలుపునిచ్చిన సంస్థకు నాయకుడు ఒక సన్న్యాసి. ఆయనయే స్వామి రామానంద తీర్థ.

స్వామీజీ తెలుగువారు కారు. 1903 అక్టోబరు 3వ తేదీన బిజాపూరు జిల్లాలోని సిందగి గ్రామమున జన్మించిరి. పూర్వాశ్రమ నామము వెంకటేశ ఖేడ్గీకర్. కన్నడ దేశమున పుట్టి, షోలాపురములో మరాఠీ చదువు చదివి, సహాయ నిరాకరణోద్యమ కాలమున సర్కారు బడిని వదలి, పూనాలోని తిలక్ విద్యాపీఠమున పట్టము పొందిరి. కొంతకాలము కార్మిక నాయకుడైన ఎన్. ఎం. జోషీగారి కడ పని చేసిరి. ఆరోగ్యము చెడెను. ఆ పిమ్మట ఉస్మానాబాదు జిల్లాలోని హిప్పర్గ అను పల్లెలో జాతీయ పాఠశాలకు ఉపాధ్యాయులుగా వచ్చిరి. నిజాము రాజ్యమున ఆయన అడుగుపెట్టుట ఆ విధముగా జరిగెను. 1932లో సన్న్యాసము స్వీకరించి రామానంద తీర్థ యను నామము ధరించిరి. కాషాయము కట్టినను బడి విడువలేదు. తరువాత ఆయన అంబాజోగాయి పట్టణమునకు వెళ్ళిరి. పాఠము చెప్పుట, పిల్లలతో ఊరూర తిరుగుట, పల్లె ప్రజల కష్టసుఖములు వినుట, ఇవి ఆయన దినచర్య. సన్న్యాసికి ఆస్తి లేదు, అప్పు లేదు, ఇల్లు లేదు. అట్టివాడు ఒక ప్రభుత్వపు ఆదాయ వ్యయములను గూర్చి ఆలోచించుట ఆశ్చర్యముగ తోచును. కాని పల్లెలందు కూర్చుండి వినువానికి మొదట వినబడునది పన్నుల మాటయే గదా.

హైదరాబాదు సంస్థానము చిన్నది కాదు. దాని వైశాల్యము 82 వేల చదరపు మైళ్ళు. 1941 నాటి లెక్కలలో జనాభా కోటి అరువది లక్షలు దాటియుండెను. దానికి స్వంత నాణెమగు హాలీ సిక్కా కలదు. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానము. స్వంత తపాలా, స్వంత రైలు, స్వంత సైన్యము, సరిహద్దు పొడుగునను స్వంత సుంకపు ఠాణాలు కలవు. పాలకుడైన మీర్ ఉస్మాన్ అలీఖాను ప్రపంచమున కెల్ల ధనవంతుడని ప్రసిద్ధి కెక్కినవాడు. 1937లో అమెరికాలోని టైమ్ పత్రిక ఆయన చిత్రమును ముఖపత్రముగ వేసెను. సర్ఫెఖాస్ అను పేర నిజాము స్వంత ఖర్చులకై ప్రత్యేకింపబడిన భూములే సంస్థానములో సుమారు పదవవంతు. జాగీరుదారుల క్రింద నున్నది అంతకు ఎక్కువ. ఆ జాగీరులలో వెట్టి, బేగారు, నాగులు, నజరానాలు లెక్కకు మిక్కిలి.

ఇంత ధనము గల రాజ్యములో ప్రజలు నలుగురు చేరి మాటలాడుకొనుటకు స్వేచ్ఛ లేకుండెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ననుసరించి సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలెను. గ్రంథాలయ వార్షికోత్సవమైనను సరే. ఈ సంచికను చదువువారు ఆ మాటను ఒకసారి తలచుకొనదగును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించినవారు పుస్తకముల బీరువాలు తెరచుటయే ఒక సాహసముగా తెరచిరి. సర్కారు జిల్లాలలో ఊరి పెద్దలు చందా వేసికొని ఒక గదిలో పఠనాలయము పెట్టినచో అడ్డు చెప్పువారు లేరు. కృష్ణకు ఆవలి గట్టున అట్లు కాదు.

1938లో సంస్థానమున స్టేట్ కాంగ్రెసు నెలకొల్పుటకు యత్నములు జరిగెను. అది పుట్టకమునుపే సెప్టెంబరులో ప్రభుత్వము దానిని నిషేధించెను. అక్టోబరులో సత్యాగ్రహము మొదలు కాగా స్వామీజీ నిషేధమును ఉల్లంఘించి చెరసాలకు వెళ్ళిరి. పదునెనిమిది నెలల శిక్ష. ఇంతలో ఆర్యసమాజమువారు వేరుగా సాగించిన సత్యాగ్రహముతో ఇది కలగాపులగమై మతకలహముగా లోకమునకు తోచునేమోయని గాంధీజీ శంకించి, స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహమును నిలుపుమని సలహా యిచ్చిరి. డిసెంబరులో నిలిపిరి. చెరలో ఉన్నవారికి అది మింగుడుపడు విషయము కాదు. అయినను స్వామీజీ గాంధీజీ మాటను దాటలేదు. 1940లో వ్యక్తి సత్యాగ్రహము చేసి మరల చెరకు పోయిరి, 1942లో మరియొకసారి. కారాగృహము ఆయనకు రెండవ ఆశ్రమమయ్యెనని చెప్పవచ్చును.

1946లో నిషేధము తొలగెను. 1947 జూన్‌లో హైదరాబాదులోని ముషీరాబాదున స్టేట్ కాంగ్రెసు మొదటి బహిరంగ మహాసభ జరిగెను. స్వామీజీ అధ్యక్షులు. ఆ నెలలోనే నిజాము, ఇంగ్లీషువారు వెడలిపోవగనే తాను స్వతంత్ర పాలకుడనగుదునని ఫర్మానా ప్రకటించియుండెను. నాలుగు దిక్కులను భారత భూమియే యున్నది, సముద్రతీరము లేదు, ప్రజలలో అత్యధికులు భారతదేశములో చేరవలెనని కోరుచున్నారు. అయినను ఒక్క ఫర్మానాతో కోటి అరువది లక్షల జనుల తలవ్రాత వ్రాయబడెను. ఆగస్టు 7వ తేదీన భారత యూనియనులో చేరవలెనను కోర్కె దినమును స్టేట్ కాంగ్రెసు జరిపెను. ఆగస్టు 15న దేశమంతట జెండాలెగురుచుండగా, హైదరాబాదున జెండా ఎత్తినవారు పట్టుబడిరి. స్వామీజీయు ఆ దినముననే నిర్బంధింపబడిరి.

ఇచ్చటనుండియే ఆ పోరాటము ఒక ప్రత్యేక రూపము దాల్చెను. సభలు జరిపినచో లాఠీలు, జెండాలెత్తినచో చెరసాల. అధికారము మాత్రము కదలదు. ఎందుచేత? సైనికులకు, పోలీసులకు నెల తిరుగకుండ జీతములు ముట్టుచున్నవి గనుక. పోలీసులకు తోడుగా మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీను సంస్థ రజాకారులను పేర ఒక స్వచ్ఛంద సేనను పెంచుచుండెను. లాతూరు న్యాయవాది కాశిం రజ్వీ దానికి నాయకుడు. 1947 చివర మీర్ లాయఖ్ అలీ ప్రధాని యగునప్పటికి మంత్రివర్గమునకు ఆజ్ఞ యిచ్చువాడు నిజామో రజ్వీయో చెప్పుట కష్టమయ్యెను. పేరునకు రాజరికము, నడుపునది తుపాకి.

ఆ తుపాకికి తూటా ఎచ్చటినుండి వచ్చుచున్నది? సంస్థానపు రాబడిలో భూమిశిస్తు ఒకటి. అది అందరు ఎరిగినదే. రెండవది ఆబ్కారీ, అనగా కల్లు సారాయిలపై రాబడి. తెలంగాణమున తాటిచెట్లు, ఈతచెట్లు వనములు వనములుగా ఉండెను. గీచెడు చెట్టునకు పన్ను, అమ్మెడు దుకాణమునకు వేలము. పేదవాడు సాయంకాలము త్రాగిన ముంత కల్లులో సర్కారు వాటా కలదు. మూడవది కరోడ్‌గిరి, సరిహద్దు దాటి వచ్చు పోవు సరకులపై నూటికి అయిదు వంతున సుంకము. ఇవి గాక లెవీ యను పేర రైతు కల్లములోని ధాన్యమును సర్కారు ధరకు కొలిపించుకొనుట. యుద్ధకాలమున మొదలైన ఈ లెవీ, చిన్నరైతుకు తిండిగింజలు మిగులనీయక, పెద్ద దేశముఖుల గాదెలను మాత్రము తాకక, జనుల ఉసురు పోసికొనుచుండెను.

స్టేట్ కాంగ్రెసు ఈ కాలువలను ఒక్కొక్కటిగా ఎన్నుకొనెను. లెవీ కొలువరాదు. కరోడ్‌గిరి ఠాణాల ఎదుట సత్యాగ్రహము చేసి సుంకము చెల్లింపక దాటవలెను. సర్కారు అడవులలో నిషేధమును ధిక్కరించి కట్టె కొట్టవలెను. కల్లుచెట్లను నరికివేయవలెను. ఈ కడపటిది వినుటకు వింతగ నుండును గాని ఊరివారికి ఇంతకంటె సులభముగ అర్థమగు కార్యక్రమము మరియొకటి లేదు. చెట్టు నరికిన నాడు ఆబ్కారీ గుత్తదారునకు నష్టము. గుత్తదారు వేలము పాడకున్న ఖజానాకు లోటు. ఖజానాకు లోటు వచ్చిన జీతములకు లోటు. గొడ్డలి యొకటి ఉండిన చాలును, ఉపన్యాసము అక్కరలేదు. మరాఠ్వాడాలో, తెలంగాణములో వేలకొలది చెట్లు నేల కూలినవి. చెట్టు కొట్టినవారిని పోలీసులు కొట్టిరి. ఊళ్ళపై సామూహిక జుల్మానాలు వేసిరి.

ఈ కార్యమున ఒక చేదు కలదు, దానిని దాచరాదు. తాటిచెట్టు సర్కారునకు పన్ను, కాని గీతకార్మికునకు అన్నము. చెట్టు మొదలంట నరికిన పిమ్మట నిజాము ఖజానాలో తరిగినది ఎంతయో లెక్క తేల్చుటకు నెలలు పట్టును. గీతకాని ఇంట పొయ్యి వెలుగలేదని తెలియుటకు ఒక పూట చాలును. ఈతచెట్టు మరల పెరిగి చేతికి వచ్చుటకు ఎన్నో యేండ్లు కావలెను. ఒక నిరంకుశ ప్రభుత్వమునకు ధనము చేరకుండ చేయబూనిన ప్రతివారికిని ఎదురగు ధర్మసంకటమిది. రాజు భోజనమున పదార్థము తగ్గక మునుపే పేదవాని కంచము ఖాళీ యగును. ఆస్తిపాస్తులు లేని సన్న్యాసికి త్యాగము చేయుమని చెప్పు హక్కు కలదా యని అడుగువారు అడుగవచ్చును. దానికి ఒక సమాధానము మాత్రము కలదు. స్వామీజీ ఇతరులను కష్టమున దింపి తాము దూరముగ నిలువలేదు. ఆ నెలలలో అధికభాగము ఆయన గడిపినది చెరసాల గోడల నడుమనే. ఆ సమాధానము గీతకాని ఆకలి తీర్చునని కాదు.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వమునకును నిజామునకును యథాతథపు ఒడంబడిక కుదిరెను. ఒక సంవత్సరము ఉభయులు ఉన్నదున్నట్లుగా సాగవలెనని షరతు. మరునాడు స్వామీజీ విడుదలయిరి. ఈ ఒడంబడిక నిజామునకు కాలవ్యవధి నిచ్చుటకే ఉపకరించునని స్టేట్ కాంగ్రెసు భావించెను. వారు భావించినట్లే జరిగెను. సిరా ఆరకమునుపే హైదరాబాదు ప్రభుత్వము రెండు ఆర్డినెన్సులు తెచ్చెను. ఒకదానిచే బంగారము, వెండి మొదలగు లోహములను భారతదేశమునకు పోనీయక ఆపెను. రెండవదానిచే భారత రూపాయి సంస్థానములో చెల్లదనెను. అంతటితో ఆగక, తన వద్దనున్న భారత ప్రభుత్వ ఋణపత్రములలో 20 కోట్ల రూపాయల విలువ గలవానిని పాకిస్థానునకు అప్పుగా ఇచ్చెను. కాశ్మీరమున పోరు సాగుచున్న దినములవి. చదువురాని రైతు గింజ గింజ కొలిచి నింపిన బొక్కసమునుండి ఇరువది కోట్లు, రైతు మాట అటుండగా, సంస్థానములో నిజముగ ఎన్నికైన ఒక్క శాసనసభ్యుని మాటయైన అడుగకుండ, పరరాజ్యమునకు వెళ్ళెను. స్టేట్ కాంగ్రెసువారు ఖజానాను గూర్చి చెప్పుచు వచ్చిన మాట ఎంత నిజమో ఈ ఒక్క వ్యవహారముతో ఢిల్లీ వారికిని తెలిసెను.

విడుదలయైన రెండు నెలలలో స్వామీజీ విశ్రమింపలేదు. ఢిల్లీ వెళ్ళి గాంధీజీని, నెహ్రూ, పటేలు గార్లను దర్శించి సంస్థాన ప్రజల స్థితి విన్నవించిరి. 1948 జనవరి కడపట తిరిగి నిర్బంధింపబడిరి. ఇక సెప్టెంబరు వరకు ఆయనకు వెలుపలి గాలి లేదు. ఉద్యమమును దిగంబరరావు బిందుగారి నాయకత్వముననున్న కార్యాచరణ సంఘము బయటినుండి నడపెను. బెజవాడ, కర్నూలు, షోలాపురము, చాందా మొదలగు చోట్ల సరిహద్దు శిబిరములు వెలసినవి. చాందా శిబిరమున పనిచేసిన యువకులలో పి. వి. నరసింహారావు ఒకరు, తరువాత భారత ప్రధాని యైనది వారే. ఈ శిబిరములవారు కరోడ్‌గిరి ఠాణాలను చెదరగొట్టి, లెక్కల పుస్తకములు తగులబెట్టి, సరిహద్దు పల్లెలలో నిజాము వసూళ్ళు సాగకుండ చేసిరి. జనవరి 30వ తేదీన, అచ్చట ఢిల్లీలో గాంధీజీ నేలకొరిగిన దినముననే, నాందేడు ప్రాంతమున ఉమరీ పట్టణములోని హైదరాబాదు స్టేట్ బ్యాంకును శిబిరమువారు కొల్లగొట్టిరి. సత్యాగ్రహముగా మొదలైన పని తుపాకి పట్టు వరకు వచ్చెను. ఆత్మరక్షణకని కొందరు సమర్థించిరి. గాంధేయుని నాయకత్వమున పుట్టిన సంస్థ చేతికి ఆయుధము వచ్చుట ఆ ఉద్యమ చరిత్రలో తెగని చర్చ.

తెలంగాణమున కమ్యూనిస్టుల పోరాటము వేరుగా సాగుచుండెను. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియైన నాటినుండి పల్లెలు రగులుచుండెను. 1947 సెప్టెంబరులో రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటమునకు పిలుపునిచ్చిరి. లెవీ ధిక్కారమున ఈ రెండు పక్షములకు పొత్తు కుదిరెను గాని అది ఎక్కువ కాలము నిలువలేదు. మార్గములు వేరు, గమ్యములు వేరు. నిజాము ఖజానాకు లోటు మాత్రము ఇద్దరి వలనను వచ్చెను.

బయటినుండి మరియొక ఒత్తిడి బిగిసెను. భారతదేశమునుండి హైదరాబాదునకు ఆయుధములు పోవుట ఆగెను. క్రమముగ పెట్రోలు, యంత్ర భాగములు, మందులు, ఉప్పు, నీటిని శుద్ధిచేయు క్లోరిను కూడ సరిగా చేరకుండెను. తాము దిగ్బంధము విధింపలేదని భారత ప్రభుత్వము చెప్పుచు వచ్చెను. విధించిరని లాయఖ్ అలీ ప్రభుత్వము లోకమంతట మొరపెట్టెను. ఇట్టి ఆంక్షలు లోకమున అంతకు మునుపును ఉండెను. 1935లో అబిసీనియాపై దండెత్తిన ముస్సోలినీ ఇటలీకి నానాజాతి సమితి వ్యాపార ఆంక్షలు విధించెను. కాని చమురును మినహాయించి, సూయజు కాలువను మూయక, ఆంక్షలను ఆటబొమ్మగా చేసెను. 1946లో భారతదేశము, తన బిడ్డలను రంగుభేదముతో హింసించుచున్న దక్షిణాఫ్రికాతో వ్యాపారము మానుకొనెను. ఆంక్షలకు పదును, చిల్లు లేనప్పుడే. హైదరాబాదు చుట్టునున్న కంచెకు చిల్లు ఆకాశమున పడెను. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి రాత్రివేళ విమానములలో ఆయుధములు తెచ్చి బీదరు, వరంగల్లు విమానాశ్రయములలో దింపుచుండెను. వానికి కూలి ఎవరిచ్చిరి? మరల ఆ ఖజానాయే.

ఉప్పు కరవు, మందుల కరవు మాత్రము మొదట తాకినది నిజాము కోటను కాదు. ఇచ్చటను తాటిచెట్టు కథయే.

ఆ వేసవి, ఆ వానకాలము సంస్థానమున ప్రజలు పడిన బాధలు వ్రాయుటకు ఈ పుటలు చాలవు. న్యాయవాదులు అనేకులు కోర్టులను బహిష్కరించిరి. విద్యార్థులు బడులు విడిచిరి. వేలకొలది కుటుంబములు సరిహద్దు దాటి బెజవాడ ప్రాంతమున తల దాచుకొనెను. ఆగస్టు నెలలో ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాను, భారతదేశమున చేరవలెనని వ్రాసినందులకు, రాత్రివేళ వీథిలో హత్య గావింపబడెను. ఆయన ముసల్మాను. ఈ పోరాటము మతముల పోరాటము కాదనుటకు ఆ యువకుని ప్రాణమే సాక్ష్యము. ఆ నెలలోనే బైరానుపల్లి గ్రామమును రజాకారులు, నిజాము సైనికులు చుట్టుముట్టి అనేకులను కాల్చి చంపిరి. ఊరి బురుజు నేటికిని అచ్చట నిలిచియున్నది.

1948 సెప్టెంబరు 13వ తేదీన భారత సేనలు నాలుగు వైపులనుండి ప్రవేశించెను. మేజర్ జనరల్ జె. ఎన్. చౌదరి షోలాపురమువైపునుండి నడచెను. 17వ తేదీ సాయంకాలమునకు నిజాము లొంగిపోయెను. అయిదు దినములు. స్వామీజీ చెరనుండి వెలువడిరి. ఖజానాపై జరిగిన సత్యాగ్రహమే నిజామును కూల్చినదని చెప్పుట అతిశయోక్తి యగును, కూల్చినది సేన. కాని ఆ సేన వచ్చునప్పటికి పల్లెలలో నిజాము వసూలు సాగనిచోట్లు అనేకము లుండెననియు, సుంకపు ఠాణాలు పాడుపడి యుండెననియు, ఆ రాజ్యమునకు తమ చేతితో పైకమీయ నిష్టపడని ప్రజలుండిరనియు మరువరాదు. అయిదు దినములలో ముగిసిన దానికి వెనుక పదుమూడు నెలల కాలము కలదు.

విజయము వెనువెంటనే ఒక అకార్యమును జరిగెను. కొన్ని జిల్లాలలో, ముఖ్యముగ మరాఠ్వాడా కన్నడ ప్రాంతములందు, రజాకారులు చేసిన దానికి ప్రతీకారమని నిరపరాధులైన ముసల్మానులను చంపిరి, దోచిరి. భారత ప్రభుత్వము పండిత సుందరలాలు ప్రభృతులను విచారణకు పంపెను. వారి నివేదిక దశాబ్దముల తరబడి వెలుగు చూడలేదు. మృతులు ఇరువదియేడు వేలనుండి నలుబది వేల వరకు ఉండవచ్చునని వారి అంచనా. షోయబుల్లాఖాను ప్రాణమిచ్చిన నేలమీద ఇట్లు జరుగుట ఆ విముక్తికి అంటిన మచ్చ.

స్వామీజీ మంత్రిపదవి ఆశింపలేదు. స్టేట్ కాంగ్రెసులో ఆయనకును బూర్గుల రామకృష్ణారావుగారికిని నడుమ పాత భేదములు కొంతకాలము సాగెను. 1952లో బూర్గుల ముఖ్యమంత్రి కాగా, స్వామీజీ గుల్బర్గానుండి లోకసభకు ఎన్నికయిరి, 1957లో ఔరంగాబాదునుండి. మూడు భాషల ప్రజలను ఒక్క గుడ్డలో మూటగట్టిన సంస్థానము విడిపోయి, ఎవరి భాషవారితో వారు కలియవలెనని ఆయన గట్టిగ వాదించిరి. 1956 నవంబరు 1వ తేదీన అది జరిగెను. తాము ఏ రాజ్యముకై చెరసాలలకు వెళ్ళిరో ఆ రాజ్యమే పటమునుండి తొలగిపోవుటను కోరిన నాయకులు అరుదు. 1967లో హైదరాబాదు స్వాతంత్ర్య పోరాటమును గూర్చి తమ జ్ఞాపకములను ఆంగ్లమున ప్రకటించిరి. 1972 జనవరి 22న హైదరాబాదున పరమపదించిరి. బేగంపేటలో వారి సమాధి కలదు. 1994లో నాందేడున స్థాపింపబడిన విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టిరి.

సన్న్యాసి గతించెను గాని ఆ ఖజానా కథ మాత్రము అంత త్వరగా ముగియలేదు. 1948 సెప్టెంబరు 20వ తేదీన, అనగా నిజాము లొంగిన మూడు దినములకు, లండనులోని వెస్ట్‌మిన్‌స్టరు బ్యాంకులో హైదరాబాదు ప్రభుత్వము పేర నున్న 10,07,940 పౌనుల 9 షిల్లింగులు ఆ దేశమందలి పాకిస్థాను హైకమిషనరు పేరునకు మారెను. మార్చినవాడు నిజాము ఆర్థిక వ్యవహారముల మంత్రి మొయిన్ నవాజ్ జంగు. నిజాము ఆ మార్పును రద్దు చేయుమనెను. బ్యాంకు ఆ సొమ్మును ఎవరికిని ఈయక నిలిపివేసెను. 1957లో వ్యాజ్యము ఇంగ్లాండు ప్రభువుల సభ వరకు వెళ్ళి అచ్చట చిక్కుపడెను. నిజాము పోయెను, స్వామీజీ పోయిరి, లాయఖ్ అలీ పోయెను, వ్యాజ్యము నడచిన వకీళ్ళును పోయిరి. వడ్డీ పెరుగుచునే యుండెను. 2019 అక్టోబరు 2వ తేదీన లండను హైకోర్టు, అప్పటికి మూడున్నర కోట్ల పౌనులైన ఆ సొమ్ము పాకిస్థానుది కాదనియు, నిజాము మనుమలకును భారత ప్రభుత్వమునకును చెందుననియు తీర్పు చెప్పెను. లెవీ కొలిచిన రైతుల పేర్లు ఆ వ్యాజ్యమున ఎచ్చటను లేవు.